కర్చీఫ్ వేసిన మంచం

సీ బ్లాకు ఇరవై ఏడో నంబరు గదిలో రాత్రి పడుకున్న పిల్ల తెల్లారేసరికి ఆ గదిలో ఉండదు— అని తిరువళ్ళూరుకూ తిరుత్తణికీ మధ్యన ఉన్న ఆ యూనివర్సిటీలో గేటు కాసేవాడి దగ్గర్నుంచి మెస్సులో ఇడ్లీలు పెట్టే ఆవిడ దాకా అందరూ చెబుతారు.

ఉండదంటే చచ్చిపోతుందని కాదు. పరుపు, దిండు, బకెట్టు, పుస్తకాలు అన్నీ గదిలోనే ఉంటాయి. పిల్ల మాత్రం మెస్ వెనకాల గ్యాస్ బండల మధ్యనో, పై అంతస్తులో ఎవరి మంచం కిందనో దొరుకుతుంది. ఒక ఏడాదైతే తిరువాలంగాడు స్టేషన్లో, ప్లాట్‌ఫారం బెంచీ మీద, ఒక్క కాలికే చెప్పుతో దొరికింది.

మూడేళ్ళు, ముగ్గురు పిల్లలు. ఒకరి ముఖం ఒకరు చూసిన వాళ్ళు కాదు. అయినా ముగ్గురూ చెప్పినవి ఆ మూడు మాటలే— గజ్జెల చప్పుడు... కర్పూరం వాసన... తెల్లటి ఆకారం వచ్చి కాళ్ళ మీద కూర్చుంది.

అసలు విచిత్రం ఏమిటంటే, హాస్టల్ మొత్తానికీ మంచి గది అదే. మిగతా గదుల్లో ముగ్గురేసి పిల్లలు. ఇదొక్కటే సింగిల్ రూమ్. లోపలే బాత్రూమ్. కిటికీ తీస్తే వేరుశనగ చేలు. ఇంకో చోటైతే ఇలాంటి గది కోసం పిల్లలు జుట్లు పట్టుకునేవాళ్ళు. ఇక్కడ మాత్రం దాని ముందు నుంచి బాత్రూమ్‌కు పోవడానిక్కూడా ఇద్దరిద్దరు కలిసి పోతారు.

ఆ గదిలో ఒక మంచం ఉంది. ఆ మంచం మీద గోడ పక్కగా ఒక కర్చీఫ్ ఉంది. నీలం గళ్ళది.

హాస్టల్ తెరిచిన మొదటి రోజున ఎవరో అమ్మాయి అందరికన్నా ముందు వచ్చి, మంచం తనదని గుర్తుకు కర్చీఫ్ వేసి, పెట్టె తెచ్చుకోవడానికి గేటు దాకా పోయిందట. మళ్ళీ రాలేదట. హైవే మీద లారీ కింద పడిందని కొందరంటారు. ఇంకో కాలేజీలో సీటొచ్చి అటునుంచి అటే పోయిందని కొందరంటారు. అసలు అలాంటి పిల్లే లేదని ఇంకొందరి వాదన. ఎవరేమన్నా, కర్చీఫ్ మాత్రం ఉంది.

ఇప్పుడు కవిప్రియ సంగతికి వద్దాం.

ఆ పిల్లది ఎలవూరు, చెక్‌పోస్టుకు ఇవతల వీధి. వాళ్ళ నాయన రత్నస్వామి ఆత్తిపట్టు థర్మల్‌లో కాంట్రాక్టు ఫిట్టరు. కవిప్రియకు చిన్నప్పటినుంచీ రాళ్ళ పిచ్చి. రోడ్డు పనులు జరిగిన చోటల్లా రాళ్ళేరుకుని వచ్చేది. వాళ్ళమ్మ బేబి ఒక పక్క పారేస్తూ ఉంటే ఇంకో పక్క తెచ్చి పెట్టేది. చివరికి రాళ్ళ చదువుకే, అంటే జియాలజీకే, ఆ యూనివర్సిటీలో సీటు సంపాదించింది.

సీటొచ్చింది కానీ దూరం! ఎలవూరు నుంచి మద్రాసుకు ఒక రైలు, అక్కడినుంచి తిరుత్తణి వైపు ఇంకో రైలు, దిగాక ఒక బస్సు. రత్నస్వామి ఒకటే మాట చెప్పాడు.

"హాస్టల్ దొరికిందా, పో. దొరకలేదా, గుమ్మిడిపూండిలో కంప్యూటరు కోర్సులో చేరు. దినానికి ఏడు గంటలు రైల్లో తిరిగేదానికి నువ్వేమన్నా టీటీఈవా?"

హాస్టల్ గదులు ఇప్పుడు ఆన్‌లైన్లోనే ఇస్తారు. ఫలానా రోజు పదకొండింటికి పోర్టల్ తెరుస్తారు, ముందు నింపినవాళ్ళకు ముందు మంచం. ఆ రోజు కవిప్రియ గుమ్మిడిపూండిలో గోకుల్ నెట్ సెంటరుకు పదింటికే పోయి కూర్చుంది. గోకుల్ చెయ్యి మహా చురుకు. ఫారంలో నలభై రెండు ప్రశ్నలు. రాత్రి ఎన్నింటికి పడుకుంటారు? గురక పెడతారా? లైటు వేసుకుని చదువుతారా? అన్నిటికీ టకటకా కొట్టేశాడు. చివరి ప్రశ్న దగ్గర కవిప్రియ ఆలోచనలో పడింది— రూమ్‌మేట్ ఎలాంటివారు కావాలి?

"ఇంత ఆలోచన దేనికి మే, వెనక ఎంతమంది ఉండారో చూసినావా?" అంటూ గోకుల్ 'ఎవరైనా పర్వాలేదు' అన్నదానికి టిక్కు పెట్టేశాడు.

అంతా అయ్యాక పోర్టల్ ఓటీపీ అడిగింది. ఫారంలో తండ్రి నంబరే అడిగారు కాబట్టి ఓటీపీ పోయింది రత్నస్వామి ఫోనుకు. రత్నస్వామి ఫోనేమో థర్మల్ గేటు దగ్గర లాకర్లో ఉంది, లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు. రత్నస్వామి బాయిలర్ కాడ ఉన్నాడు. ఓటీపీ ఆయుష్షు పది నిమిషాలు.

సాయంత్రం ఐదున్నరకు ఆయన బయటికొచ్చి ఫోన్ చూసుకునేసరికి ఎనిమిది వందల మంచాలూ నిండిపోయాయి. మళ్ళీ నింపితే కవిప్రియకు వచ్చింది వెయిటింగ్ లిస్టు, నంబరు అరవై ఒకటి. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. రత్నస్వామి మాత్రం ఫోను పక్కన పెట్టుకుని కూర్చుని, లాకర్లో ఎందుకు పెట్టినానురా అని పదిసార్లు అనుకున్నాడు.

కాలేజీ తెరిచే ముందు రోజు తండ్రీ కూతుళ్ళిద్దరూ పెట్టె, పరుపుచుట్ట, రెండు డబ్బాల రాళ్ళు మోసుకుని హాస్టల్ ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. కొందరు బయట గదులు చూసుకున్నారు, కొందరు చేరనేలేదు. లిస్టు కరుగుతూ కరుగుతూ సాయంత్రం ఐదింటికి కవిప్రియ దగ్గరికొచ్చి ఆగింది. మిగిలింది ఒక్క గది.

హాస్టల్ సూపరింటెండెంట్ పేరు శివప్రకాశం. తిరుత్తణి మనిషి. మొదట అరవంలోనే మొదలుపెట్టాడు కానీ, వీళ్ళిద్దరూ గుసగుసలాడుకునేది తెలుగులోనని విని, తనూ ఇంటి మాటలోకి దిగిపోయాడు.

"రూము ఉండాది మా. సింగిల్ రూమ్. కానీ..." అని రత్నస్వామి వైపు చూసి గొంతు తగ్గించాడు. "చదువుకున్నోడిని, దెయ్యాలు గియ్యాలు నేను చెప్పగూడదు. కానీ మా వాచ్‌ఉమన్ తాయమ్మ ఉండాదే, ఆమె కళ్ళారా చూసింది. ఒక తూరి కాదు, మూడు తూర్లు! మంచం మీద పడుకొని ఉన్నిందంట. జుట్టు విరబోసుకొని."

"ఆ రూమే ఇచ్చేయండి సార్," అంది కవిప్రియ.

శివప్రకాశం ఒక కాగితం మీద 'నా ఇష్టంతోనే తీసుకుంటున్నాను' అని రాయించుకుని సంతకం పెట్టించుకున్నాడు. "రూలు చెప్తా విను. రేప్పొద్దున ఏడింటికి నేను వచ్చి చూస్తా. రూములో మనిషి ఉంటే రిజిస్టర్లో సంతకం. లేకపోతే క్యాన్సిల్. పోర్టల్లో కూడా పేరు పోతాది. మళ్ళీ వచ్చి నన్ను అడగగూడదు."

రత్నస్వామికి మర్నాడు మొదటి షిఫ్టు. పోయేముందు కూతురి తల మీద చెయ్యి పెట్టాడు.

"ఏడింటికి ఫోన్ చెయ్ పాపా. లోపలికి పోయేదానికి ముందు గేటు కాడ నిలబడి ఉంటా. సంతకం అయిందంటే సరి. కాలేదంటే లీవు పెట్టి వచ్చేస్తా, సామాన్లు ఎత్తుకొని పోదాం. ఏమీ అనను... రాళ్ళు ఎలవూర్లో కూడా ఉండాయిలే." ఆ చివరి మాటకే కవిప్రియకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గది తలుపుకు గడియ లేదు, ఊడిపోయింది. ట్యూబ్‌లైటు వెలగదు. దెయ్యం గదికి వడ్రంగీ రాడు, ఎలక్ట్రీషియనూ రాడు. పక్క గది అమ్మాయి నిత్య— తిరుత్తణిలో పాత్రల అంగడి వాళ్ళ పిల్ల, రెండో సంవత్సరం— ఫోను టార్చి వేసి చూపించింది. గడప మాత్రం దాటలేదు.

"ఏం చేసినా చేసుకో... అది మాత్రం ముట్టుకోవద్దు."

టార్చి వెలుగు మంచం మీదున్న కర్చీఫ్ మీద పడింది. కిటికీ మీద దుమ్ము, మంచం కోళ్ళ మీద దుమ్ము, గోడ పక్క పరుపంతా వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. కర్చీఫ్ మీద మాత్రం లేదు. ఇస్త్రీ మడత కూడా చెరగలేదు.

నిత్య వెళ్ళిపోయింది. కవిప్రియ నిలబడి ఆలోచించింది.

ఇంకో ఊరి పిల్లయితే ఆ కర్చీఫ్ తీసి కిటికీలోంచి పారేసి పడుకునేది. లేదా దెయ్యానిదని దండం పెట్టేది. కానీ కవిప్రియ పుట్టి పెరిగింది గుమ్మిడిపూండి లోకల్ రైలు పోయే దారిలో. రైలు ప్లాట్‌ఫారం మీదికి వస్తూ ఉండగానే కిటికీలోంచి కర్చీఫ్ లోపలికి పడుతుంది. పడ్డ చోట ఆ సీటు ఆ మనిషిది. మనిషి వచ్చినా రాకపోయినా ఆ కర్చీఫ్‌దే. ఇది ఏ రైల్వే చట్టంలోనూ లేదు, ఈ దారిలో మాత్రం ఇంతకు మించిన చట్టం లేదు. ఒకసారి మీంజూరులో ఎక్కిన ఆసామి ఎవరిదో కర్చీఫ్ పక్కకు తోసి కూర్చున్నాడు. బేసిన్ బ్రిడ్జి దాకా పెట్టె మొత్తం వాడిని తిడుతూనే ఉంది. వాడు దిగి ఇంకో పెట్టెలోకి పోయాడు, అక్కడికీ కబురు ముందే చేరింది.

మంచం పోర్టల్ తనకిచ్చిన మాట నిజమే. కానీ ఈ కర్చీఫ్ పోర్టల్ కన్నా ముందు వచ్చింది కదా!

చివరికి తీర్పు తనే చెప్పుకుంది. గోడ పక్క సగం కర్చీఫ్ వాళ్ళది. ఇవతలి సగం తనది. ముగ్గురు కూర్చునే సీట్లో నలుగురు కూర్చోవడం లేదూ? ఆ ఇవతలి సగం మీద, పక్కకు దొర్లితే కింద పడేట్టుగా, ముడుచుకుని పడుకుంది.

పదకొండింటికి కారిడార్‌లో లైట్లు ఆర్పేశారు. హైవే మీద లారీల మోత ఒకటే మిగిలింది. తర్వాత అదీ పలచబడింది.

పన్నెండు... పన్నెండున్నర... ఒంటిగంట.

ఝల్... ఝల్...

కారిడార్ చివర్నుంచి. ఆగింది. మళ్ళీ ఝల్... దగ్గరగా.

గజ్జెలు.

తలుపు సందులోంచి ఒక వాసన— ఘాటుగా, చల్లగా, ముక్కు మండేలా. కర్పూరం!

తలుపు తెరుచుకుంది. చీకట్లో తెల్లగా ఒక ఆకారం. తల లేదు, చేతులు లేవు. పై నుంచి నేల దాకా ఒకటే తెలుపు. అది తడుముకోలేదు, దారి తెలిసినట్టు తిన్నగా మంచం దగ్గరికే వస్తోంది.

పరిగెత్తు... పరిగెత్తు... అంటున్నాయి కాళ్ళు. పరిగెత్తితే? ఏడింటికి రిజిస్టరు. గది ఖాళీ. థర్మల్ గేటు దగ్గర నాయన ఫోను పట్టుకుని నిలబడి ఉంటాడు. గుమ్మిడిపూండిలో కంప్యూటరు కోర్సు. ఈ జన్మకు రాళ్ళ చదువు లేదు. కవిప్రియ మంచం పట్టె గట్టిగా పట్టుకుంది.

ఆకారం పెద్దగా నిట్టూర్చింది. వెనక్కి తిరిగింది. తిరిగి... నెమ్మదిగా... కవిప్రియ కాళ్ళ మీద కూర్చుంది!

బరువుంది. దెయ్యానికి ఇంత బరువుంటుందని ఎవరూ చెప్పలేదు. అరవాలని నోరు తెరిచింది. ఇన్నేళ్ళ రైలు ప్రయాణాల్లో నోటికి అలవాటైన మాట ఒకటే బయటికొచ్చింది.

"ఈడ... ఈడ మనిషి ఉండారు..."

ఆకారం మెల్లగా ఇటు తిరిగింది.

మరుక్షణం సీ బ్లాకు దద్దరిల్లేలా కెవ్వుమని ఒక కేక! ఆ కేక పెట్టింది కవిప్రియ కాదు.

తెల్ల ఆకారం మంచం మీంచి దబ్బున కింద పడింది. గజ్జెలు గలగలమని నేల మీద దొర్లాయి. మూలకు పాక్కుంటూ పోయి గోడకు ఆనుకుని గజగజ వణుకుతూ అంది—

"యేసయ్యా! నాయనా! ఈ ఏడు మాట్లాడతా ఉండాదే!"

కవిప్రియకు ఏమీ అర్థం కాలేదు.

"పోయిన ఏడు పరిగెత్తింది... అంతకుముందు ఏడు కిటికీ ఎక్కింది... మాట్లాడింది మాత్రం లేదే తండ్రీ!"

"ఎవురు నువ్వు?" అంది కవిప్రియ.

"నువ్వు ఎవురు?"

"నేను కవిప్రియ. ఎలవూరు."

మూలలోంచి గుసగుసగా—

"దెయ్యాలకు ఊరు కూడా ఉంటాదా?"

"మా నాయన రత్నస్వామి. ఆత్తిపట్టు థర్మల్‌లో ఫిట్టరు. నేను దెయ్యం కాదు, ఫస్ట్ ఇయర్."

"ఆధార్ కార్డు ఉండాదా?"

కవిప్రియ ఫోను తీసి ఆధార్ చూపించింది. తెల్ల దుప్పటిలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఫోను అందుకుంది. ఆ వెలుగులో యాభై ఏళ్ళ ముఖం ఒకటి బయటపడింది. అది ఫోటోను చూసింది, కవిప్రియను చూసింది, మళ్ళీ ఫోటోను చూసింది.

"ఫోటోలోనే పాపా, నువ్వు దెయ్యం మాదిరి ఉండేది," అంది తాయమ్మ, ఊపిరి పీల్చుకుని.

తాయమ్మ సీ బ్లాకు రాత్రి కాపలా మనిషి. గజ్జెలంటే ఆమె నడుముకున్న తాళాల గుత్తి. కర్పూరమంటే మోకాళ్ళకు రాసుకునే తైలం. తెలుపంటే దోమల కోసం తల మీదుగా కప్పుకున్న దుప్పటి. ఇంతలో కేక విన్న నిత్య పక్క గదిలోంచి గోడ మీద టకటకా కొట్టింది. కవిప్రియ కూడా టకటకా కొట్టింది. అవతల ఎవరో మంచం కిందికి దూరిన చప్పుడైంది, అంతే.

"రాత్రి ఎనిమిదింటికి ఎక్కితే పొద్దున ఆరింటి దాకా డ్యూటీ," అంది తాయమ్మ మెల్లగా, కళ్ళు తుడుచుకుంటూ. "ఒంటిగంటకు మోకాళ్ళు పట్టుకుంటాయి. ఒక మంచం ఇయ్యండి సార్ అని మూడు తూర్లు రాసిచ్చినా. కాంట్రాక్టు వాళ్ళకు మంచం లేదు అనేసినారు. నాలుగింటికి మెస్సుకు పాలబండి వస్తాది, గేటు తీయాల. అందుకని ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా... ఈ రూములో. తెలిసిందా, ఉద్యోగం పోతాది."

"ఇంతమంది పిల్లలు నిన్ను చూసి పారిపోయినారు గదక్కా!"

"నన్ను చూసా? నేను గదా వాళ్ళను చూసి పారిపోయింది! ఏడాదంతా మంచం ఖాళీ. కాలేజీ తెరిచే దినం మాత్రం యాణ్ణించో ఒక దెయ్యం వచ్చి నా జాగాలో పడుకొని ఉంటాది. నేను కేక పెట్టి ఇట్ల పరిగెత్తితే అది అట్ల పరిగెత్తేది." ఛాతీ మీద చెయ్యి వేసుకుంది. "పావం, పిల్లలకు ఏమన్నా అవుతాదేమో అని నేనే సార్‌కు పోయి చెప్పినా— ఆ రూములో పేయి, దెయ్యం ఉండాది, ఎవురినీ పంపొద్దండి అని. మంచికే చెప్పినా పాపా!"

కవిప్రియకు నవ్వు ఆగలేదు. దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వింది. తాయమ్మ కూడా నవ్వింది. నవ్వీ నవ్వీ ఇద్దరికీ నిద్ర వచ్చింది. ఇద్దరూ ఆ మంచం ఇవతలి అంచునే ఒకరి మీద ఒకరు పడేట్టు ఒదిగి పడుకున్నారు. గోడ పక్క సగం ఖాళీగానే ఉంది. కర్చీఫ్ సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. అది తాయమ్మ తన జాగాకు గుర్తుగా వేసుకున్నదని కవిప్రియ అనుకుంది, అడగలేదు.

పొద్దున సరిగ్గా ఏడింటికి శివప్రకాశం వచ్చాడు. చంకలో రిజిస్టరు, జేబులో నిమ్మకాయ. వరండా ఎక్కకుండా కింద మట్టిలోనే నిలబడి, తొంగి చూశాడు. గుమ్మంలో కవిప్రియ పళ్ళు తోముకుంటోంది.

ఆయన ముఖంలో రంగులు మారాయి. ఆయన వెనకాల, డ్యూటీ దిగి గంటైనా ఇంటికి పోని తాయమ్మ గేటు పట్టుకుని నిలబడి ఉంది.

"రాత్రి... ఏమన్నా కనిపించిందా?"

కవిప్రియ నోట్లో నురుగు పెట్టుకుని ఆలోచించింది. దెయ్యం లేదు, తాయమ్మే అంటే తాయమ్మ ఉద్యోగం పోతుంది. ఏమీ లేదంటే ఈ రాత్రి నుంచి తాయమ్మకు మంచం పోతుంది. గేటు దగ్గర తాయమ్మ ముఖం పాలిపోయి ఉంది. కవిప్రియ నురుగు ఉమ్మింది.

"కనిపించింది సార్. మాట్లాడినా కూడా."

శివప్రకాశం రెండడుగులు వెనక్కి వేశాడు. "మాట్లాడిందా? ఏమనింది?"

"మంచం కావాలనింది."

"అయ్యో మురుగా! అట్లయితే రూము దానికే వదిలేద్దాం మా. దాంతో మనకెందుకు? నువ్వు మీ నాయనకు ఫోన్ చేసేయ్, సామాన్లు..." అంటూ పెన్ను తీసి రిజిస్టర్లో ఆమె పేరు కొట్టేయబోయాడు.

కవిప్రియ రాత్రి దెయ్యానికి కూడా ఇంత భయపడలేదు.

"వద్దు సార్! నేను పోతే అది ఊరుకోదు! నేను ఉంటేనే ఉంటాదంట. ఇంకో మంచం వేస్తే చాలు, ఎవురి జోలికీ రాదంట." ఒక్క క్షణం ఆగింది. "వేయకపోతే ఆఫీసు రూముకు వచ్చి పడుకుంటాదంట సార్. ఆడ సోఫా ఉండాదంట గదా."

శివప్రకాశం పెన్ను ఆగిపోయింది. ఆ సోఫా మీద మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా పడుకునేది ఆయనే.

"నా సోఫా సంగతి దానికెట్ల తెలుసు?" అన్నాడు, చాలా చిన్న గొంతుతో.

"తెల్దు సార్. అదే చెప్పింది."

రిజిస్టరులో సంతకం ఎంత తొందరగా పడిందో చెప్పలేను. కవిప్రియ అక్కడే నిలబడి నాయనకు ఫోన్ చేసింది. మొదటి రింగుకే ఎత్తాడు.

"సంతకం అయింది నాయనా."

అవతల రత్నస్వామి గొంతు సవరించుకుని, "రూము ఎట్లుండాది?" అన్నాడు.

"బాగుండాది. రూమ్‌మేట్ కూడా ఉండాది."

"సింగిల్ రూమ్ అన్నారే! ఎవురు?"

"ఎవరైనా పర్వాలేదని రాసినాం గదా నాయనా."

తాయమ్మ మూడు అర్జీలకు మూడేళ్ళలో రాని మంచం, దెయ్యం నోటిమాటకు మూడు గంటల్లో వచ్చింది. ఇనప మంచం, కవరు తీయని కొత్త పరుపు, దిండు. ఉక్కపోస్తే అది మళ్ళీ బయటికొస్తుందేమోనని శివప్రకాశం తన బల్ల మీది టేబుల్ ఫ్యాను కూడా పంపాడు. నలుగురు మనుషులు అన్నీ గుమ్మంలో పడేసి వెనక్కి చూడకుండా పోయారు. కవిప్రియే లోపలికి ఈడ్చుకుని అవతలి గోడకు వేసింది.

ఆఫీసులో ఇంకో తంటా వచ్చింది. గదిలో రెండో మంచం పెట్టారు కాబట్టి పోర్టల్ దానికి పేరు అడిగింది. ఖాళీగా వదిలేస్తే ఒప్పుకోలేదు. శివప్రకాశం 'ఇతరులు' అని కొట్టాడు. ఓటీపీ ఏ నంబరుకు పంపాలి అని అడిగింది. కళ్ళు మూసుకుని దండం పెట్టుకుని, తన నంబరే ఇచ్చాడు.

మధ్యాహ్నం కవిప్రియ తన మంచం దుమ్ము దులిపింది. గోడ పక్కన కర్చీఫ్ లేదు. పొద్దున పోతూ పోతూ తాయమ్మ తీసుకుపోయి ఉంటుందనుకుంది. రాళ్ళ డబ్బాలు రెండూ కిటికీలో పెట్టింది. అమ్మ రాళ్ళు తీసి పారేయని మొదటి కిటికీ అది.

ఆ రాత్రి ఒంటిగంట.

ఝల్... ఝల్... ఈసారి ఆ చప్పుడుకు కవిప్రియ నవ్వుకుంది. తైలం వాసన వచ్చింది. తలుపు తెరుచుకుంది. తాయమ్మ దొరసానిలాగా నడిచొచ్చి, టార్చి వేసి కొత్త మంచాన్ని తనివితీరా చూసుకుంది. ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

"నా జాగా ఎవురూ పట్టుకోకుండా కర్చీఫ్ కూడా వేసి పెట్టినావా? బంగారు తల్లివి పాపా," అంది మురిసిపోతూ.

కవిప్రియ లేచి కూర్చుంది.

కొత్త మంచం మీద, గోడ పక్కగా, నీలం గళ్ళ కర్చీఫ్. ఇస్త్రీ మడత చెరగలేదు.

"నేను యాడ వేసినానక్కా... అది నీదే గదా?"

"నాదా?" తాయమ్మ గొంతు తగ్గిపోయింది. "నేను ఈ ఉద్యోగంలో చేరినప్పుడే ఉన్నింది. మూడేండ్లుగా దాన్ని ముట్టుకోలేదు. అందుకే గదా... ఆ పక్క వదిలేసి ఈ పక్క పడుకునేది..."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఫ్యాను గాలికి పరుపు మీది ప్లాస్టిక్ కవరు టపటపా కొట్టుకుంటోంది. దిండు కొస ఊగుతోంది. కర్చీఫ్ అంచు మాత్రం కదలడం లేదు.

కవిప్రియ కాళ్ళు దగ్గరకు లాక్కుంది. పరిగెత్తుదామన్నట్టు తలుపు వైపు చూసింది. తాయమ్మ తలుపు వైపు చూడలేదు. మంచం వైపు చూసింది, మోకాళ్ళు పట్టుకుంది, చేతి గడియారం చూసింది. మూడేళ్ళకు వచ్చిన మంచం అది.

నెమ్మదిగా మంచం దగ్గరికి పోయింది. కూర్చోకుండానే, కర్చీఫ్ వైపు వంగి, రైల్లో నాలుగో మనిషి అడిగినట్టు మర్యాదగా, గుసగుసగా అడిగింది—

"కొంచెం జరుగు తల్లీ... నాలుగింటికి పాలబండి వస్తాది."

తాయమ్మ ఇంకా నిలబడే ఉంది. గోడ పక్కన మంచం కిర్రుమంది.